మచ్చలేని ఫైలు

నేను చేసే పనేమిటో నంద్యాలలో ఎవరికైనా చెప్పాలంటే కొంచెం తడుముకోవాలి. నేను ఆడిటర్‌ను కాను, ఆడిటర్ రాకముందు వచ్చే మనిషిని. వరదో కరువో వచ్చినప్పుడు ఇక్కడి స్వచ్ఛంద సంస్థలకు బయటి దేశాల నుంచి, పెద్ద కంపెనీల నుంచి గ్రాంటు వస్తుంది. ఏ పద్దు కింద ఇచ్చారో ఆ పద్దు కిందే ఖర్చయిందా, బిల్లు ఉందా, బిల్లు చెప్పే సరుకు నిజంగా వచ్చిందా, వచ్చిన సరుకు రాసుకున్న మనిషికే చేరిందా అని దాత పంపే ఆడిటర్ కంటే ముందే చూసి, లొసుగులుంటే చెప్పడం నా పని. టెక్కె మార్కెట్ యార్డులో తెలిసిన కమీషన్ వ్యాపారి ఒకాయన ఇదంతా విని, "ధర్మం చేసినోడు మళ్లీ లెక్క అడిగేదేంది సామీ, అది ధర్మమెట్లయితాది?" అన్నాడు. ఆయన నవ్వులాటకే అన్నాడు గానీ, ఆ ప్రశ్నకు సరైన జవాబు నాకు చాలా ఏళ్లు తెలియలేదు. తెలియకుండానే జనానికి సలహాలు ఇస్తూ ఫీజు తీసుకున్నాను.

ఈ పనిలోకి రాకముందు ఒక ఆడిట్ ఆఫీసులో బియ్యం మిల్లులు, జిన్నింగు మిల్లులు, విత్తనాల కంపెనీల లెక్కలు చూసేవాణ్ణి. నంద్యాలకు విత్తనాల ఊరని పేరు. 1906 నుంచి ఇక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, దాని చుట్టూ ఆ వ్యాపారం పెరిగింది. వ్యాపారుల లెక్కల్లో మార్చి నెల వచ్చిందంటే సర్దుబాట్ల కాలం. వోచర్ లేనిచోట వోచర్ పుడుతుంది, సంతకం లేనిచోట సంతకం పడుతుంది. అందులో పెద్ద పాపం ఉందని ఎవరూ అనుకోరు. డబ్బు ఆయనదే, ఖర్చు ఆయనదే, నడుమ పన్నుల శాఖకు చూపించే కాగితం ఒక్కటే మన బాధ్యత. అక్కడ నాకు బాగా వంటబట్టిన విద్య ఒకటే: ఫైలు తెరిస్తే ఎక్కడా ఖాళీ కనిపించకూడదు.

గ్రాంటు డబ్బుతో ఆ విద్య పనికిరాదని ఎవరో ఒకరు మొదటే చెప్పి ఉండాల్సింది. అక్కడ డబ్బు ఒకరిది, ఖర్చు పెట్టేది ఇంకొకరు, అందుకోవాల్సింది మూడోవారు. ఆ మూడోవారు ఆఫీసుకు రారు, లెక్క అడగరు. వాళ్ల తరఫున మాట్లాడేది ఫైల్లోని కాగితమే కాబట్టి ఆ కాగితం నిజమై ఉండాలి. నేను మాత్రం అది నిండుగా ఉంటే చాలనుకున్నాను.

2019 సెప్టెంబరు మూడో వారంలో నల్లమల మీద కురిసిన వానకు కుందూ, మద్దిలేరు, చామ కాలువ ఒకేసారి పొంగాయి. అప్పటికి మాది ఇంకా కర్నూలు జిల్లానే, నంద్యాల జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. మహానంది ఆలయంలోకి నీళ్లొచ్చాయి. దారులు తెగాయి, అరటి తోటలు ఒరిగిపోయాయి, ఊళ్ల చివరి కాలనీల్లో ఇళ్లు నానిపోయాయి. నేను సలహాలిచ్చే ఒక చిన్న సంస్థకు హైదరాబాదులోని పెద్ద సంస్థ ద్వారా విదేశీ సాయం మంజూరైంది. విదేశీ విరాళాల చట్టం కింద నమోదైన ఒక సంస్థ అలాగే నమోదైన ఇంకో సంస్థకు డబ్బు బదిలీ చేసే వీలు అప్పట్లో ఉండేది. పట్టలు, చాపలు, దుప్పట్లు, దోమతెరలు, బియ్యం, నూనె కొని వెంటనే పంచాలి. దాత నియమావళి ప్రకారం ఒక మొత్తం దాటిన ఏ కొనుగోలుకైనా మూడు కొటేషన్లు ఉండాలి.

సంస్థ కార్యదర్శి నాకంటే పెద్దాయన. మొహమాటం లేని మనిషి. ఫోన్ చేసి, "యాడ తెచ్చేది సార్ మూడు కొటేషన్లు? అంగళ్లలోకి నీళ్లొచ్చినాయి. షట్టరు తీసినోడే ఒకడుండాడు. వాని కాడ పట్టలు, చాపలు ఉండాయి. ఇప్పుడు కొనకుంటే సాయంత్రానికి అవి గూడా పోతాయి" అన్నాడు.

కొనమన్నాను. అంతవరకు చెప్పింది సరైనదే. ఫోన్ పెట్టేముందు ఇంకో మాట చేర్చాను: "కొటేషన్లు మాత్రం ఫైల్లో ఉండాల. ఎట్ల చేస్తారో చేయండి."

ఆయన కాసేపు ఊరుకుని, "ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గంజి పోసేటప్పుడు ఎవురినన్నా కొటేషన్ అడిగినాడా సార్?" అన్నాడు. 1866 కరువులో తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టిన వెంగళరెడ్డి పేరు మా వైపు చిన్నపిల్లలకూ తెలుసు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది, ఆయన మీద పాటలు పుట్టాయి. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "ఆయన గాదె ఆయనది. మనది ఇంకొకరి గాదె" అన్నాను. మంచి జవాబు చెప్పానని సంతోషపడ్డాను కూడా. ఆ జవాబులో తప్పు లేదు. చెప్పిన మనిషి ఇంకొకరి గాదెను కాపాడే పద్ధతి తెలిసినవాడు కాకపోవడం వేరే సంగతి.

వారం తిరక్కుండా మూడు కొటేషన్లు ఫైల్లో చేరాయి. తేదీలు కొనుగోలుకు ముందువే. ధరలు అందంగా మెట్లుమెట్లుగా ఉన్నాయి, అందరికంటే తక్కువ చెప్పింది మేం కొన్న అంగడే. వాటిని పక్కపక్కన పెట్టి ధరల పోలిక పట్టిక నేనే తయారు చేశాను. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయని అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది కాబట్టి అడగలేదు.

డబ్బు చెల్లింపులోనూ నా చెయ్యి పడింది. ధార్మిక సంస్థలు ఒకే మనిషికి ఒకే రోజులో 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో గుర్తించరు. ఈ నిబంధన 2018-19 ఆర్థిక సంవత్సరం నుంచి ట్రస్టులకూ వర్తించింది. నెట్ లేదు, అంగడాయన నగదే కావాలన్నాడు. నేను బిల్లును రోజుకో ముక్కగా రాయించమన్నాను.

ఆడిట్ 2020 వేసవిలో జరిగింది. లాక్‌డౌన్ కాబట్టి ఆడిటరమ్మ నంద్యాలకు రాలేదు, కాగితాలన్నీ స్కాన్ చేసి పంపాం. మనిషి రాకుంటే ఆడిట్ తేలిగ్గా గడిచిపోతుందనుకున్నాం. జరిగింది వేరు. ఎదురుగా కూర్చుని ఉంటే టీ, కబుర్లు, కుందూ వరద కథలు ఉండేవి. ఇంట్లో ఒంటరిగా తెర ముందు కూర్చున్న మనిషికి కాగితం తప్ప ఇంకేం లేదు. ఆమె కాగితాన్నే చదివింది.

జీఎస్టీ నంబరులో పదిహేను అంకెలూ అక్షరాలూ ఉంటాయి. మొదటి రెండు రాష్ట్రం, తర్వాతి పది ఆ వ్యాపారి పాన్ నంబరు. మా మూడు కొటేషన్లలో రెండింటి మధ్య పదీ ఒకటే. అంటే రెండు అంగళ్లు, ఒకే యజమాని. పాపం ఆయన అడిగిన సాయం చేశాడు, తన రెండో అంగడి లెటర్‌హెడ్ ఇచ్చాడు. మూడో కొటేషన్ మీద నంబరు 28తో మొదలైంది. అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కోడ్. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ వ్యాపారుల జీఎస్టీ నంబర్లు 37తో మొదలవుతాయి. అది ఏ డీటీపీ సెంటర్లో పుట్టిన అంగడో మరి. టార్పాలిన్ ఇంగ్లీషు స్పెల్లింగు మూడింటిలోనూ ఒకే చోట తప్పు. ఇక నగదు బిల్లులు: తేదీలు వేర్వేరు రోజులవి, బిల్లు నంబర్లు మాత్రం వరుసగా ఉన్నాయి. "ఈ రోజులన్నిటిలో ఆ షాపులో మీరు తప్ప ఇంకెవరూ ఏమీ కొనలేదా?" అని ఆమె మర్యాదగా రాసింది. వరదలో షట్టరు తీసిన ఒకే ఒక్క అంగడి అది. ఊరంతా అక్కడే కొనింది.

ఇందులో ఖర్చంతా నిజం. పట్టలు నిజంగా కొన్నారు, ధర న్యాయమైనదే, ఆ వానలో మోకాటి లోతు నీళ్లలో మోసుకెళ్లి పంచారు, తీసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ ఫైల్లో అబద్ధాలు ఏవైనా ఉన్నాయంటే అవి నేను అడిగి తెప్పించినవే. వాటివల్ల నిజమైన ఖర్చు కూడా కొట్టేశారు. అంతటితో ఆగకుండా మిగతా పద్దులన్నీ అనుమానంగా తిరగేశారు.

ఆ దాత నియమావళిని మళ్లీ చదివాను. నిజం చెప్పాలంటే, మొదటిసారి పూర్తిగా చదివాను. అంతకుముందు ఎంత మొత్తానికి ఎన్ని కొటేషన్లు అనే పట్టిక వరకే చదివి మూసేసేవాణ్ణి. అనుబంధంలో అత్యవసర కొనుగోళ్లకు మినహాయింపు ఉంది. ఒకే అంగట్లో కొనాల్సి వస్తే ఎందుకో ఒక పేజీలో రాసి, బాధ్యులు సంతకం చేసి, ఆ రోజే ఫైల్లో పెడితే సరిపోతుంది. ఇదేమీ విదేశీయుల ఉదారత కాదు. మన కేంద్ర ప్రభుత్వ 2017 సాధారణ ఆర్థిక నియమావళిలోని 166వ నిబంధన కూడా అత్యవసరమైతే కారణం రాసిపెట్టి ఒకరి దగ్గరే కొనవచ్చంటుంది. కార్యదర్శి ఆ రోజు ఫోన్లో నాతో అన్న మాటలే ఆ పేజీ. అంగళ్లలోకి నీళ్లొచ్చాయి, షట్టరు తీసింది ఒక్కడే, సాయంత్రానికి సరుకు ఉండదు. తేదీ, టైము వేసి ఆ మూడు ముక్కలు రాసుకుని ఉంటే చాలు. నిజమైన వోచర్ నా చెవిలో పడింది, నేను దాన్ని వదిలేసి దొంగది అడిగాను.

దీని తర్వాత చేసింది చెప్పుకోవడం ఇంకా కష్టం. ఆడిటరమ్మ ప్రశ్నలకు సంస్థ తరఫున జవాబు డ్రాఫ్ట్ చేసింది నేనే. అందులో "సిబ్బంది అవగాహన లోపం వల్ల జరిగిన పొరపాటు" అని రాశాను. సిబ్బంది అంటే ఒక అమ్మాయి. బీకాం చదివి, అదే మొదటి ఉద్యోగంగా చేరిన అకౌంటెంటు. ఆ కొటేషన్లు తెచ్చింది ఆమే, ఎందుకంటే "సార్ ఫైల్లో ఉండాలన్నారు" అని ఆమెకు చెప్పారు. ఆ జవాబు వెళ్లాక దాత ఆమెను విడిగా రాతపూర్వక వివరణ అడిగాడు. ఆమె నన్ను తిట్టలేదు, నా పేరు కూడా రాయలేదు. తెలియక చేశానని రాసింది. కొన్ని వారాలు గడిచాక, ఆ సలహా నాదేనని నేను వేరే ఉత్తరం పంపాను. అప్పటికి ఆమె ఉద్యోగం మానేసింది. మొదటి జవాబులోనే నా పేరు రాయాల్సింది. రాయకపోవడానికి కారణం భయమే, ఇంకే సాకూ లేదు.

కొట్టేసిన మొత్తాన్ని దాతకు తిరిగి కట్టాలి. విదేశీ నిధుల్లోంచి కట్టడానికి వీల్లేదు, ఊళ్లో వసూలైన సొంత విరాళాల్లోంచే కట్టాలి. చిన్న సంస్థలకు అలాంటి డబ్బు ఎక్కడుంటుంది? హాస్టల్ పైకప్పు మరమ్మతుకు దాచుకున్నది తీసి కట్టారు. నా ఫీజు వెనక్కి ఇవ్వబోతే కార్యదర్శి తీసుకోలేదు. "మీరొక్కరే చేసినారా సార్? నేనూ సంతకం పెట్టినా" అన్నాడు.

ఇంతవరకు చెప్పింది దొరికిపోయిన తప్పు. వృత్తిలో ఉన్నవాళ్లకు ఇలాంటి కథ ఒకటో అరో ఉంటుంది, నలుగురు కూర్చున్నప్పుడు చెప్పుకుంటారు. నేను రాయాలనుకున్నది అసలు దీని గురించి కాదు. దొరకని తప్పు ఇంకొకటుంది. అది అదే గ్రాంటులో, ఆళ్లగడ్డ వైపు జరిగింది. ఆ ఫైలుకు ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం కూడా రాలేదు.

సామాన్లు పంచడం అయ్యాక, 2020 జనవరిలో పంట నష్టపోయిన రైతులకు నేరుగా బ్యాంకు ఖాతాలో డబ్బు వేసే విడత మొదలైంది. నంద్యాల నుంచి కడప రోడ్డు మీద నలభై కిలోమీటర్లు పోతే ఆళ్లగడ్డ. దేవుళ్ల విగ్రహాలు చెక్కే శిల్పుల ఊరు, అహోబిలం పోయేవాళ్లు బస్సు మారే ఊరు. ఆ చుట్టుపక్కల వాగుల పక్కన వరి, పత్తి, మొక్కజొన్న నీళ్లల్లో కుళ్లిపోయాయి. ఒప్పందంలో లబ్ధిదారులంటే "పంట నష్టపోయిన చిన్న, సన్నకారు రైతులు" అని ఉంది, "తగిన ఆధారంతో" అని ఉంది. ఏది తగిన ఆధారమో అందులో లేదు. అది తేల్చింది నేను. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, పొలం ఫొటో. పాసుపుస్తకం ఎందుకంటే దానికి నంబరు ఉంటుంది, ముద్ర ఉంటుంది. ఎక్కడో కూర్చున్న ఆడిటర్ కూడా ప్రభుత్వ భూరికార్డుల మీభూమి సైట్లో సర్వే నంబరు కొట్టి చూసుకోవచ్చు. లెక్కల మనిషికి ఇంతకంటే ముచ్చటైన ఆధారం ఏముంటుంది?

ఒక ఊళ్లో పేర్లు రాసుకుంటుంటే నేనూ ఉన్నాను. యాభై దాటిన ఒకామె ముందుకొచ్చింది. "మాకు పాసుబుక్కు యాడుంటాది సార్? భూమి ఆయప్పది. గుత్త కట్టింది మేము. యిత్తనాలకు, మందులకు అప్పు తెచ్చింది మేము. మునిగింది మా పైరు. మరి రైతు యెవురు సార్?"

మా సీమలో భూమిని ఏడాదికింతని ముందే మాట్లాడుకుని సాగుకు తీసుకోవడాన్ని గుత్త అంటారు. ఎక్కువ భాగం నోటి మాటే. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలల కార్డు ఇస్తారు. రెండో దానికి భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమాని భయం. పెట్టమని ఒత్తిడి చేస్తే వచ్చే ఏడు గుత్త దొరకదేమోనని సాగుదారు భయం. ఇవన్నీ నాకు తెలియనివి కావు. మా తాతల ఊళ్లోనూ సగం భూమి గుత్తలోనే ఉంది.

తెలిసి కూడా నేను ఆమెతో, "రెండో విడతలో చూస్తామమ్మా" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. రెండో విడత బడ్జెట్లో ఉంది మరి.

డబ్బు పాసుపుస్తకం ఉన్నవాళ్ల ఖాతాల్లో పడింది. వాళ్లలో నిజంగా సాగు చేసి నష్టపోయినవాళ్లు ఉన్నారు. కర్నూల్లో, హైదరాబాదులో ఉంటూ గుత్త ముందే వసూలు చేసుకున్నవాళ్లూ ఉన్నారు. కాగితం మీద వాళ్లూ సన్నకారు రైతులే. ఒకరిద్దరు ఆ డబ్బు తెచ్చి సాగు చేసినవాళ్లకు ఇచ్చారని విన్నాను. ఫైల్లో మాత్రం ప్రతి పేరు వెనకా నాలుగు కాగితాలు, ప్రతి కాగితం మీదా సంతకం. నంద్యాల కొటేషన్లను ఉతికి ఆరేసిన ఆడిటరమ్మే తన నివేదికలో ఆళ్లగడ్డ లబ్ధిదారుల ఫైలు చక్కగా ఉందని మెచ్చుకుంది. ఆ పేజీని నేను తర్వాత కొన్నాళ్లు కొత్త సంస్థలకు నా పనితనం కింద చూపించుకున్నాను.

ఆడిటరమ్మది తప్పనడం లేదు. ఆమె చూసింది జాబితాలో ఉన్నవాళ్లను. జాబితాలో లేనివాళ్లకు వోచర్ ఉండదు. పట్టిచూడటానికి అక్కడ కాగితమే లేదు.

1877 కరువులో మద్రాసు రాజధానికి లండన్ నగర మేయర్ నిధి నుంచి విరాళాలు వచ్చాయి. విత్తనాలకు, ఎద్దులకు, ఇంటి కప్పులకు రైతులకు పంచారు. అంటే దూరదేశపు ధర్మం డబ్బు ఈ నేలకు కొత్త కాదు. అదే కరువులో బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ పెట్టిన పద్ధతి ఒకటుంది: నిజంగా ఆకలిగా ఉన్నవాడో కాదో తేల్చడానికి ఇంటికి దూరంగా ఉన్న పని శిబిరానికి నడిచి రమ్మనడం, రోజుకు పౌను గింజలతో మట్టి పని చేయించడం. నడవగలిగినవాడు అర్హుడు. మద్రాసు వైద్యాధికారి డాక్టర్ కార్నిష్ ఆ కూలి మనిషిని బతికించదని వాదించాడు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా తన జనంలో దాదాపు నాలుగో వంతు పోగొట్టుకుంది. ఆ చరిత్ర చదివినప్పుడల్లా టెంపుల్ మీద కోపం తెచ్చుకునేవాణ్ణి. నా పాసుపుస్తకం నియమం వల్ల ఎవరూ చనిపోలేదు, దాన్ని దీనితో తూకం వేయను. కానీ పరీక్ష పెట్టే బుద్ధి మాత్రం ఒకటే. అక్కర ఎవరికో తేల్చే పరీక్ష బదులు, తేల్చేవాడికి సులువుగా ఉండే పరీక్ష పెట్టడం.

రెండో విడత రాలేదు. 2020 సెప్టెంబరు 29 నుంచి విదేశీ విరాళాల చట్టానికి కొత్త సవరణ అమల్లోకి వచ్చింది. నమోదైన సంస్థ నుంచి ఇంకో సంస్థకు బదిలీ పూర్తిగా ఆగిపోయింది. పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. లెక్కలు రాసే ఖర్చు, వృత్తి నిపుణుల ఫీజు ఆ పాలనా ఖర్చుల్లోకే వస్తాయి కాబట్టి నా ఫీజు కూడా అందులోంచే. విదేశీ డబ్బు మొదట దిగే ఖాతా ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే ఉండాలన్నారు. కొందరు కోర్టుకు వెళ్లారు, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సవరణలను సమర్థించింది. హైదరాబాదు సంస్థ డబ్బు ఇక నంద్యాలకు రాదు. దాన్ని సేవల ఒప్పందంగా మార్చి పంపే దారి ఏమైనా ఉందా అని నన్ను అడిగారు. అప్పటికి బుద్ధొచ్చింది, లేదని చెప్పాను. అలా చెప్పిన రోజే, "రెండో విడతలో చూస్తాం" అన్న నా మాట కూడా రద్దయిపోయింది.

ఆ ఊరికి మళ్లీ పోయి చెప్పాలనిపించలేదు. ఈ సంగతిని మరిచిపోయేవాణ్ణే. చట్టం మారాక పాత ప్రాజెక్టుల రికార్డులన్నీ కట్టలు కట్టి దాచాల్సి వచ్చినప్పుడు ఆళ్లగడ్డ పెట్టెలో ఒక నోటుబుక్కు బయటపడింది. ఫిర్యాదుల రిజిస్టరు. ఆర్థిక ఫైలు కాదు కాబట్టి నేనెప్పుడూ తెరవలేదు, ఆడిటరమ్మకూ పంపలేదు. అందులో గ్రామ కార్యకర్త చేతిరాతతో వరుసగా పేర్లు, పక్కన కారణం. "గుత్త రైతు. పాసుబుక్కు లేదు." కింద మళ్లీ అదే. పేజీ తిప్పితే అదే. చివరి గడి పేరు "తీసుకున్న చర్య". ఆ గడిలో ప్రతి వరుసకూ "సార్‌కు చెప్పడమైనది" అని రాసి ఉంది.

వెంగళరెడ్డి సంగతి అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. గాదె ఆయనది కాబట్టి కొటేషన్ అడగలేదని కార్యదర్శికి గడుసుగా జవాబిచ్చాను. ఆయన గంజి కేంద్రం దగ్గర పాసుపుస్తకం కూడా అడగలేదు. దానికి గాదె ఎవరిదన్నది కారణం కాదు.

ఆ తర్వాత నా పద్ధతుల్లో కొన్ని మారాయి. పంపిణీ రిజిస్టర్లో "తీసుకున్నవారు, వరస" అని ఒక గడి పెట్టాం. అత్త పేరున కోడలు తీసుకుంటే కోడలి సంతకమే పడుతుంది, ఎవరూ అత్త వేలిముద్ర కోసం వెతుక్కోరు. ఫీల్డు నుంచి వచ్చిన ఫోన్లు తేదీ, టైముతో రాసుకుంటాను. ఏ ఫైలు చూడటానికి పోయినా ముందు ఫిర్యాదుల రిజిస్టరు అడుగుతాను. కొందరికి ఇది నచ్చదు, అకౌంట్స్ సార్‌కు ఇదెందుకు అంటారు.

ఎక్కువ కాలం పట్టింది గుత్త రైతుకు ఆధారం వెతకడానికి. చుట్టుపక్కల చేలవాళ్ల సాక్ష్యం రాయించాం. అది మంచిదే, కానీ ఊరి రాజకీయాన్ని బట్టి మారుతుంది. రైతు భరోసా కేంద్రాలు వచ్చాక ఈ-పంట నమోదులో అసలు సాగుదారు పేరు ఎక్కిన చోట అది పనికొచ్చింది. ఎక్కని చోట, కార్యకర్త ఒకతను భలే దారి చూపించాడు. "ఎరువుల అంగట్లో అప్పు ఎవురి పేరున ఉందో చూడండి సార్" అన్నాడు. భూమి యజమాని పేరు మీద ఉంటుంది, పాసుపుస్తకం యజమాని పేరు మీద ఉంటుంది, పంట రుణం కూడా చాలాసార్లు యజమానే తీసుకుంటాడు. యూరియాకు, పురుగుమందుకు అంగట్లో పెట్టిన అప్పు మాత్రం సేద్యం చేసేవాడి పేరు మీదే ఉంటుంది. అప్పు విషయంలో అంగడాయన పొరపాటు పడడు. ఆ చీటీ మీద తేదీ ఉంటుంది, ఏ మందో ఉంటుంది, దాన్నిబట్టి ఏ పంటో కూడా చెప్పొచ్చు.

ఈ మధ్య ఒక కంపెనీ సామాజిక బాధ్యత నిధితో ఇలాంటి సాయమే చేయాల్సి వచ్చినప్పుడు ఆధారాల జాబితాలో ఎరువుల అంగడి అప్పు చీటీని చేర్చాను. కంపెనీ ఫైనాన్స్ విభాగంలో ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. దాని మీద జీఎస్టీ నంబరు లేదు, అసలది బిల్లే కాదు, రేపు మా ఆడిటర్ అడిగితే ఏం చెప్పాలన్నాడు. ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతే, కొన్నేళ్ల కిందటి నాది. బిల్లు పంట అమ్మినాక వడ్డీతో కలిపి ఇస్తారని, అప్పటిదాకా ఊళ్లో నడిచేది ఈ చీటీయేనని, పాసుపుస్తకం అడిగితే ఎవరెవరు తప్పిపోతారో పాత ప్రాజెక్టు ఫిర్యాదుల రిజిస్టరు చెబుతుందని ఒక పేజీ రాసి, సంతకం చేసి పంపాను. సంస్థ పేరు తీసేసి ఆ రిజిస్టరు పేజీ నకలు కూడా జత చేశాను.

రెండు రోజులకు జవాబొచ్చింది. "మీ నోట్ ఫైల్లో పెట్టండి" అని ఒక్క వాక్యం. ఒప్పుకున్నట్టో, బరువు నా మీదికి తోసినట్టో అందులో తెలియలేదు. ఆడిట్ ఇంకా జరగలేదు. డబ్బు మాత్రం ఖాతాల్లో పడింది.